ఈడిష్ రచయితల విచారణ

1943లో తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. అదే సంవత్సరం మాస్కోనుంచి ఇద్దరు కళాకారులు ఫాసిజానికి వ్యతిరేకంగా జనమద్దతు కూడగట్టడానికి అమెరికా వెళ్ళారు. ఒకరు నటుడు సాలొమోన్ మిఖోయెల్స్, రెండవవారు కవి ఇట్సిక్ ఫెఫెర్. సోవియట్ ప్రభుత్వమే 1942లో నెలకొల్పిన యూదుల ఫాసిస్టు వ్యతిరేక సంఘం పక్షాన వారు వెళ్ళారు. న్యూయార్కు సభకు వేలాది జనం వచ్చారు. ఎర్రసేనకు చందాలు పోగయినవి. ఆ ప్రయాణమే తొమ్మిదేళ్ళ తర్వాత మాస్కో న్యాయస్థానంలో గూఢచర్యమైంది.

సోవియట్ పుస్తకాలతో సాహిత్యపు రుచి తెలుసుకొన్నవాణ్ణి నేను. అందుచేత ఈ చరిత్రను ఆలస్యంగా చదివాను. చదివినతర్వాత కూడా కొంతకాలం, ఇది ప్రచ్ఛన్నయుద్ధపు ప్రచారమేమో అని మనసుకు సర్దిచెప్పుకొన్నాను. విచారణలో ముద్దాయిలు చెప్పిన మాటలు సోవియట్ కాగితాలలోనే బయటపడ్డాక ఆ సాకు కూడా లేకపోయింది.

విప్లవం తర్వాత తొలి సంవత్సరాలలో ఈడిష్ భాషకు ఆ దేశంలో దొరికిన ఆదరణ తక్కువది కాదు. బడులు, పత్రికలు, ప్రచురణాలయం, ప్రభుత్వపు ఖర్చుతో నాటకశాల ఉండేవి. 1935లో మిఖోయెల్స్ లియర్ రాజుగాను, బెన్యమిన్ జుస్కిన్ విదూషకుడుగాను ఆ రంగస్థలంమీద నిలిచారు. జాతి ద్వేషాన్ని నేరంగా ప్రకటించిన రాజ్యాంగం మరుసటి ఏడే వచ్చింది. అందుకే ఈ కథ నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. హిట్లరు చేసిన మారణహోమంతో దీనిని తూకం వేయడం నా ఉద్దేశం కాదు. హిట్లరు తన ద్వేషాన్ని చట్టంగా రాసి చాటుకొన్నాడు. ఇక్కడ చట్టం ఒక మాట చెబుతూ ఉండగానే పోలీసు మరొక పని చేశాడు.

1948 జనవరిలో మిఖోయెల్స్‌ను మిన్‌స్క్‌లో హత్యచేసి, రోడ్డు ప్రమాదమని నమ్మించారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు కూడా జరిపించారు! ఆ నవంబరులో సంఘం రద్దయింది, దాని పత్రిక ‘ఐనికైట్’ ఆగింది, ఈడిష్ ప్రచురణాలయం మూతపడింది. నాజీల దురంతాలపై ఎహ్రెన్‌బుర్గ్, గ్రోస్‌మన్ కలిసి కూర్చిన ‘నల్లపుస్తకం’ కోసం పేర్చిన అచ్చక్షరాలను విప్పివేశారు. డిసెంబరులో జుస్కిన్ ఆసుపత్రిలో నిద్రచికిత్సలో ఉన్నాడు. నిద్రలో ఉన్న మనిషినే పట్టుకుపోయారు. మరుసటి నెలలో కవి పెరెట్స్ మార్కిష్, నవలాకారుడు దావిద్ బెర్గెల్సన్, పిల్లల కవి లెయిబ్ క్విట్కో అరెస్టయ్యారు. నాటక విమర్శకులను ‘వేళ్ళు లేని విశ్వపౌరులు’ అని ‘ప్రావ్దా’ తిట్టిపోసినది కూడా ఆ నెలలోనే.

మూడేళ్ళకు పైగా జైలు. 1952 మే 8నుంచి జూలై 18 వరకు మూసిన తలుపుల వెనుక సైనిక న్యాయస్థానం 15 మందిని విచారించింది. ప్రాసిక్యూటరు లేడు, ముద్దాయిల తరఫున వకీలూ లేడు. అభియోగం జాతీయవాదం, గూఢచర్యం. క్రిమియాలో యూదు రిపబ్లిక్కు కావాలని 1944లో స్టాలిన్‌కు పంపిన విజ్ఞాపన కుట్రకు సాక్ష్యమట! సంఘం రాతలను ‘నిపుణులు’ చదివి, యూదు సైనికుల శౌర్యాన్ని ప్రత్యేకంగా చెప్పడం, యూదుల ప్రాచీన చరిత్రను తలచుకోవడం జాతీయవాదమని తేల్చారు. ఆ శౌర్యాన్ని విదేశాల యూదులకు చెప్పడానికే కదా సంఘం పెట్టింది! ముద్దాయిలలో అనువాదకులు కూడా ఉన్నారు. ఒక భాషలోని ఉత్తరాన్ని మరొక భాషలోకి మార్చినందుకు మరణశిక్ష అంటే, అనువాదాలతో పెరిగిన మన సాహిత్యానికి ఆ బరువు తెలియాలి.

ఫెఫెర్ సంగతి వేరు. అతడు రహస్య పోలీసుకు వేగు. తోటివారిమీద మొదట సాక్ష్యం చెప్పింది అతడే. చివరకు తక్కిన ముద్దాయిలు లేని వేళ, తాను వేగునని, చెప్పినది అబద్ధమని న్యాయమూర్తుల ముందు ఒప్పుకొన్నాడు. అతణ్ణి క్షమించడం నాకు చేతకాదు. కాని అంత సేవా అతణ్ణి కాపాడలేదు. ఇందుకు భిన్నంగా బోత్కిన్ ఆసుపత్రి అధిపతి డాక్టర్ షిమెలియోవిచ్ ఎన్ని దెబ్బలు తిన్నా నేరం ఒప్పుకోలేదు.

న్యాయమూర్తి చెప్‌త్సోవ్‌కే ఈ కేసుమీద నమ్మకం చాలలేదు. మళ్ళీ దర్యాప్తు జరగాలని పైకి వెళ్ళాడు. పొలిట్‌బ్యూరో తీర్మానాన్ని అమలుచేయమని మాలెన్‌కోవ్ పంపివేశాడు. ఆగస్టు 12న 13 మందిని కాల్చివేశారు. ఆ రాత్రిని ‘కవుల హత్యారాత్రి’ అంటారు. నిజానికి వారిలో రచయితలు అయిదుగురే: మార్కిష్, బెర్గెల్సన్, క్విట్కో, హోఫ్‌స్టీన్, ఫెఫెర్. తక్కినవారు వైద్యుడు, నటుడు, దౌత్యవేత్త, పాత్రికేయులు, అనువాదకులు. ఒక ముద్దాయి జబ్బుపడి తర్వాత జైలులోనే పోయాడు. శాస్త్రవేత్త లీనా స్టెర్న్ ఒక్కతె ప్రవాసశిక్షతో బ్రతికింది. 1953 జనవరిలో వైద్యుల కుట్ర పేరుతో మరొక కేసు లేచింది. మార్చిలో స్టాలిన్ చనిపోగా, ఏప్రిల్‌లో ఆ వైద్యులను విడిచిపెట్టారు.

1955 నవంబరులో అదే సైనిక న్యాయస్థానం తన తీర్పును రద్దుచేసింది. 1956లో స్టాలిన్ నేరాలపై మాట్లాడిన క్రుశ్చేవ్ ఈ రచయితల ఊసెత్తలేదు. ఆ ఏప్రిల్‌లో వార్సాలోని ఒక ఈడిష్ పత్రిక ఆ విషాదాన్ని బయటపెట్టింది. సోవియట్ దేశంలో క్విట్కో గేయాలు పిల్లలకోసం తిరిగి అచ్చయినవి. ఆయన ఎలా పోయాడో ఆ పిల్లలకు ప్రభుత్వం బహిరంగంగా చెప్పేసరికి 1980ల చివరి రోజులు వచ్చినవి.