లీమా: మాట్లాడు నది ఒడ్డున

పెరూ దేశపు రాజధానియగు లీమాకు పోయిన యాత్రికులలో చాలమంది ఒకటి రెండు దినములుండి, మచూ పిచ్చు కొండకోటను చూడవలెనను తొందరలో వెడలిపోవుదురు. ప్రాచీనమైనదంతయు కొండలపైననే యున్నదనియు, లీమా కేవలము స్పెయిన్ వారు కట్టిన ఊరనియు వారి తలంపు. ఇది పొరపాటని మా యభిప్రాయము. నాలుగు చోట్లు నిదానముగా చూచినవారికి ఈ నగరమున ఎవరు ముందువారో, ఎవరు వెనుకవారో తెలియగలదు.

మొదటిది ప్లాజా మయోర్ అను నడిబొడ్డు మైదానము. ఉత్తరమున దేశాధ్యక్షుని భవనము, తూర్పున కథెడ్రల్ అను ప్రధాన క్రైస్తవాలయము, పడమట నగరపాలక భవనము. నడుమ 17వ శతాబ్ది నాటి కంచు నీటిబుగ్గ. 1821 జూలై 28న సాన్ మార్టిన్ సేనాని పెరూ స్వాతంత్ర్యమును చాటినది ఇచ్చటనే. అంతకు దాదాపు మూడు శతాబ్దములకు పూర్వము, 1535 జనవరి 18న, ఫ్రాన్సిస్కో పిజారో ఇచ్చట నగరస్థాపన గావించి దానికి 'రాజుల నగరము' అని పేరు పెట్టెను. ఆ పేరు నిలువలేదు. ప్రక్కన పారు రీమాక్ నది పేరే స్పెయిన్ వారి నోట నలిగి లీమా అయినది. క్వెచువా భాషలో రీమాక్ అనగా మాట్లాడునది యని యర్థము. రేడియోకు చెవియొగ్గు మనవంటివారికి ఈ పేరు ముచ్చట గొల్పక మానదు.

పిజారో వచ్చునాటికి ఆ స్థలము బీడుగా లేదు. తౌలిచుస్కో అను స్థానిక నాయకుడు ఆ లోయను ఏలుచుండెను. నది నుండి కాలువలు తీసి పొలములు పండించుకొను ప్రజలు ఉండిరి. తౌలిచుస్కో నివాసమున్న చోటనే పిజారో తన ఇల్లు కట్టుకొనెను. నేటి అధ్యక్ష భవనము ఉన్నదియు అచ్చటనే.

ఆ యింటిలోనే 1541 జూన్ 26న పిజారోను తోటి స్పెయిన్ వారే, అల్మాగ్రో పక్షమువారు, కత్తులతో పొడిచి చంపిరి. ఆయన అస్థికల కథ విచిత్రమైనది. 1891లో, మరణించి 350 ఏండ్లయిన సందర్భమున, ఎండి బిగిసిన యొక శవమును పిజారోదిగా నిర్ణయించి కథెడ్రల్‌లో గాజు పెట్టెలో ఉంచిరి. దాదాపు తొమ్మిది దశాబ్దములు జనము దానినే చూచి పోయిరి. 1977లో నేలమాళిగకు మరమ్మతు చేయుచుండగా ఒక సీసపు పెట్టె బయటపడెను. అందులో నొక పుర్రె. పెట్టెపై, ఇది పెరూ రాజ్యములను గెలిచిన మార్క్విస్ పిజారో తల యను వ్రాత. దగ్గరనే మరికొన్ని యెముకలు. శాస్త్రజ్ఞులు రెంటిని పోల్చి చూడగా, సీసపు పెట్టెలోని పుర్రెకు, దానికి చెందిన యెముకలకు కత్తిపోట్ల గుర్తులు కానవచ్చెను. గాజు పెట్టెలోని దేహమునకు అట్టివి లేవు. 1985లో అసలు అస్థికలను కథెడ్రల్‌లో నెలకొల్పిరి. ఇన్నాళ్లు మన్ననలందుకొన్న ఆ అనామకుడెవరో!

ఎముకలకు చోటు దొరికినను విగ్రహమునకు దొరకలేదు. అమెరికా శిల్పి చార్లెస్ రంసీ మలచిన, కత్తి దూసి గుర్రమెక్కిన పిజారో కంచు విగ్రహమును 1935లో కథెడ్రల్ ఎదుట నిలిపిరి. 1952లో అధ్యక్ష భవనము ప్రక్కకు జరిపిరి. జయించినవాని కత్తి తమ కన్నుల యెదుట ఉండరాదని పలువురు వాదింపగా 2003లో అచ్చటినుండియు తీసివేసి, తరువాత నది యొడ్డున పాత కోటగోడ శిథిలముల తోటలో ఉంచిరి. 2025 జనవరిలో, నగరమునకు 490 ఏండ్లు నిండిననాడు, మరల మైదానమునకు చేరువనున్న యొక సందులో నిలిపిరి. తౌలిచుస్కో స్మారకశిల యున్నదియు ఆ చెంతనే. యాత్రికుడు రెంటిని ఒకే చూపున చూచుట మంచిది.

ఆ సమీపముననే సాన్ ఫ్రాన్సిస్కో మఠము గలదు. దాని నేలమాళిగలు పూర్వము శ్మశానము. సుమారు 25 వేలమందిని అందు పాతిపెట్టిరని అంచనా. తొడ యెముకలు, పుర్రెలు వేరుచేసి గుండ్రని గుంటలలో వలయములుగా పేర్చియున్నవి. పిల్లలను వెంట తీసికొనిపోవుట మాకు సమ్మతము కాదు. పైనున్న గ్రంథాలయము మాత్రము తప్పక చూడదగినది.

లీమాలో కట్టడము నిలుచుట సామాన్యమైన విషయము కాదు. 1746 అక్టోబరు 28 నాటి భూకంపము నగరమును నేలమట్టము గావించెను. వెంటనే సముద్రము పొంగి, కయ్యావో రేవులోని సుమారు 5 వేలమందిలో ఇన్నూరు మందిని మాత్రమే మిగిల్చెను. బరువైన రాతి కప్పులు ప్రాణాంతకములని తెలిసి, కఱ్ఱచట్రమునకు వెదురు, రెల్లు అల్లి మట్టి మెత్తు కట్టుబడిని విరివిగా వాడిరి. మన పల్లెలలో తడికకు మట్టి మెత్తినట్లే. చల్లని సముద్ర ప్రవాహము వలన వాన దాదాపు లేని ఊరగుటచే ఈ మట్టిపని కరగిపోదు. దట్టమైన మంచు మాత్రము నెలల తరబడి ఆకాశమును కప్పియుండును.

ఈ విద్య స్పెయిన్ వారితో పుట్టినది కాదు. మిరాఫ్లోరెస్ పేటలో, మేడల నడుమ, వాకా పుక్యానా యను మట్టి మెట్లగుడి యున్నది. ఎత్తు ఇరువది మీటర్లకు పైమాట. పిజారో రాకకు సుమారు వేయి యేండ్ల ముందటిది. పచ్చి యిటుకలను పడుకోబెట్టక, అరలో పుస్తకములవలె నిలువుగా, నడుమ సందులు విడిచి పేర్చిరి. భూమి కంపించినపుడు ఇటుకలు కొంచెము కదలి సర్దుకొనును గాని గోడ కూలదు. 20వ శతాబ్దిలో ఇండ్ల స్థలముల కొరకు దీనిలో కొంత భాగమును త్రవ్వి పోసిరి. ఇటుకల కొరకును మట్టిని తోడుకొని పోయిరి. 1981లో పరిశోధన ప్రారంభమయ్యెను. నేడు పగటిపూట పోయినవారికి, చిన్న కుంచెలతో దుమ్ము దులుపుచు ఒక్కొక్క యిటుకను వెలికి తీయు పనివారలు కనబడుదురు. వారి వెనుక మేడలపై ఆరవేసిన బట్టలు గాలికి ఆడుచుండును.