అంగులేమ్ బొమ్మల కథల ఉత్సవం: గౌరవం ఎవరిది, పెత్తనం ఎవరిది?

ఫ్రాన్స్ నైరుతిలో షరాంత్ నది ఒడ్డున గుట్ట మీద ఉన్న ఊరు అంగులేమ్. జనాభా దాదాపు 40 వేలు. ఒకప్పుడు కాగితపు మిల్లులకు పేరుమోసింది. ఫ్రాన్సిస్ గ్రూ, జాఁ మార్దికియాన్, క్లోద్ మోలితెర్ని 1974 జనవరిలో అక్కడ అంతర్జాతీయ కామిక్స్ ఉత్సవానికి శ్రీకారం చుట్టారు. ఇటలీలోని లుక్కా ఉత్సవం వారికి నమూనా. ఉత్సవపు అత్యున్నత పురస్కారమైన గ్రాండ్ ప్రీ తొలిసారి చిత్రకారుడు ఆంద్రే ఫ్రాంకాఁకు దక్కింది. పిల్లల కాలక్షేపమనుకున్న బొమ్మల కథకు కళాహోదా తెచ్చిన ఉత్సవంగా దీన్ని పరిశీలకులు చెబుతుంటారు. అందులో అబద్ధం లేదు గానీ, కథ అక్కడితో ఆగదు. ఆ హోదా పొందినవారే తర్వాత ఉత్సవాన్ని నిలదీశారు. దాని సాంస్కృతిక పాత్రను ఈ రెండో ఘట్టంలోనే వెతకాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

హోదా కట్టిన తీరు క్లుప్తంగా చెప్పవచ్చు. 1985లో అధ్యక్షుడు మిత్తెరాఁ ఉత్సవానికి వచ్చారు. 1990లో జాతీయ కామిక్స్ కేంద్రం తెరుచుకుంది. 2009లో కామిక్స్ మ్యూజియం నది పక్కన పాత కోన్యాక్ గిడ్డంగుల్లోకి మారింది. ఇప్పుడు ఊరి గోడల నిండా నిలువెత్తు కామిక్స్ చిత్రాలు, వీధి పేర్ల పలకలు సైతం మాటల బుడగల ఆకారంలోనే. జనవరి చలిలో నాలుగు రోజులపాటు 2 లక్షల దాకా జనం వచ్చేవారు.

ఆ జనం ఎక్కువగా బారులు తీరేది ప్రచురణకర్తల గుడారాల్లో. పాఠకుడు కొన్న పుస్తకం తెరిచి బల్ల మీద పెడతాడు. చిత్రకారుడు సంతకంతో సరిపెట్టడు. ముందు పేజీలో పెన్సిలుతో రూపం కట్టి, సిరా పట్టించి, ఒక్కోసారి రంగు కూడా అద్ది ఇస్తాడు. అందాకా వెనక వరుస కదలదు. పాఠకుడికి అది కానుక. గీసేవాడికి మాత్రం ఆనవాయితీగా కూలి లేని పని. ఈ అసమానతను ఉత్సవ వైభవం చాలాకాలం కప్పిపెట్టిందనే నా అభిప్రాయం. 2015లో చిత్రకారులు, రచయితలు అంగులేమ్ వీధుల్లో నిరసన ఊరేగింపు తీశారు. మరుసటి ఏడాది అక్కడే వెల్లడించిన సర్వేలో, జవాబిచ్చిన వారిలో 53 శాతం మంది రాబడి కనీస వేతనం కన్నా తక్కువని, 36 శాతం మంది దారిద్ర్యరేఖకు దిగువనే ఉన్నారని తేలింది.

అదే 2016లో గ్రాండ్ ప్రీకి నిర్వాహకులు ప్రతిపాదించిన 30 పేర్లలో ఒక్క మహిళ పేరూ లేదు. మహిళా చిత్రకారుల బృందం ఓటింగు బహిష్కరణకు పిలుపునిచ్చింది. రియాద్ సత్తూఫ్, డేనియల్ క్లౌజ్ మొదలైనవారు తమ పేర్లు వెనక్కి తీసుకున్నారు. చివరికి నిర్వాహకులు జాబితానే ఎత్తేసి, ఎవరికి ఓటేయాలో వృత్తిలోని వారికే వదిలేశారు. రుమికో తకహాషి (2019), జూలీ దూసే (2022), పోజీ సిమ్మండ్స్ (2024), అనూక్ రికార్ (2025) గెలిచింది ఆ పద్ధతిలోనే. అంతకుముందు నాలుగు దశాబ్దాల్లో పూర్తిస్థాయి గ్రాండ్ ప్రీ అందుకున్న మహిళ ఫ్లోరెన్స్ సెస్తాక్ (2000) ఒక్కరే. క్లేర్ బ్రెతెషేర్‌కు 1983లో ఇచ్చింది పదో వార్షికోత్సవ ప్రత్యేక బహుమతి.

2025లో తగాదా నిర్వహణ మీదికి మళ్ళింది. నిర్వాహక సంస్థ తీరు నచ్చని చిత్రకారులు తర్వాతి ఉత్సవానికి రామన్నారు. గ్రాండ్ ప్రీ గ్రహీత రికార్ కూడా వారితో చేరారు. పెద్ద ప్రచురణ సంస్థలు వెనక్కి తగ్గాయి. 2026 జనవరి ఉత్సవం రద్దయింది. అప్పటికి మ్యూజియం తలుపులు తెరిచే ఉన్నాయి, గోడల మీద బొమ్మలూ చెక్కుచెదరలేదు. గుడారాల్లో బల్ల వెనక కూర్చునేవారు మాత్రం లేరు.