సముద్రం తప్పుకున్న వీధి

సింగపూరు వచ్చిన మనవాళ్ళు ముందు సింహం తలా చేప ఒళ్ళూ ఉన్న బొమ్మ దగ్గర ఫొటో దిగుతారు. తర్వాత లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిని, ముస్తఫా కొట్లో సూట్‌కేసు నింపుకుని విమానం ఎక్కేస్తారు. తప్పని అనను, మొదట్లో నేనూ అంతే. ఇప్పుడు మాత్రం చుట్టాలొస్తే ఒక పూట బలవంతాన నడిపిస్తాను. పొద్దున్నే, ఎండ ముదరకముందే, తెలోక్ ఆయర్ వీధికి.

మలయా భాషలో ఆ పేరుకు నీటి అఖాతమని అర్థం. వీధిలో చుక్క నీరుండదు. ఆఫీసు మేడలు, కాఫీ కొట్లు, వాటి మధ్య థియన్ హాక్ కెంగ్ అనే చైనావాళ్ళ గుడి. 1839, 1842 మధ్య కట్టారు. లోపలున్న దేవత మాజు, సముద్రపు తల్లి. ఓడ దిగిన కూలీ ప్రాణాలతో ఒడ్డెక్కినందుకు ముందు ఈమెకు దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే పని వెతుక్కునేవాడు. అదే వీధిలో నాగూరు దర్గా ఉంది, 1830 నాటికే వెలిసింది. రెండూ సముద్రానికి ఎదురుగా కట్టినవే. బందరును ఉప్పెన ముంచిన 1864లో కూడా ఈ గుడి ముందు అలలే ఉన్నాయి.

మాది దివిసీమలోని హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట కాకి మునిగి హంసై లేచిందని చెప్పుకునే ఊరు. మేమెరిగిన సముద్రం మీదికొచ్చే సముద్రం. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా నాన్న తాటిచెట్టు కరుచుకుని బతికాడు. ఎంతసేపు ఉన్నావని అడిగితే చెప్పేవాడు కాదు, అరచేతులు చూపించేవాడు. ఆయన కొడుకుని, సముద్రాన్ని వెనక్కి నెట్టేసిన వీధిలో నిలబడితే మొదట నమ్మకం కుదరలేదు.

ఎలా నెట్టారంటే, కొండలు తవ్వి. 1819లో ఇంగ్లీషు కంపెనీ మనిషి రాఫెల్స్ ఇక్కడ రేవు పెట్టాడు. 1822లో ఒక గుట్టను చదునుచేసి ఆ మట్టితో నది ఒడ్డు బురద పూడ్పించాడు. ఆ గుట్ట ఉన్నచోటే ఇవాళ బ్యాంకుల మేడలు. 1879 తర్వాత మౌంట్ వాలిచ్ అనే మరో కొండ వంతు వచ్చింది, ఆ మట్టి తెలోక్ ఆయర్ తీరాన్ని మింగేసింది. 1965లో విడి దేశమయ్యేనాటికి సుమారు 580 చదరపు కిలోమీటర్లున్న నేల ఇప్పుడు 730 దాటింది. కొండలయ్యాక ఇసుక కొన్నారు. 2007లో ఇండోనేసియా మా ఇసుక ఇవ్వం పొమ్మంది. ఇసుక తగాదాల సంగతి కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళకి నేను చెప్పాలా!

వాన పట్టుకుంటే అరుగుల మీదుగా నడవండి. వీటిని అయిదడుగుల దారి అంటారు. ప్రతి ఇంటి ముందూ కప్పున్న వసారా ఉండాలి, అది దారినపోయేవాళ్ళకి ఎప్పుడూ తెరిచి ఉండాలన్నది రాఫెల్స్ నాటి నియమం. మన అరుగు ఇంటివాడి సొత్తు, అక్కడ కూర్చోనివ్వడం అతని మర్యాద. ఇక్కడ ఆ మర్యాదని చట్టం చేశారు. కొట్లవాళ్ళు ఊరుకున్నారా? సరుకంతా అరుగుల మీదే పేర్చారు. 1888లో ఖాళీ చేయించబోతే ఊళ్ళో అల్లర్లే జరిగాయి.

సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మ గుడి 1827 నాటిది. దాని గోపురం చూసే పక్కవీధికి పగోడా వీధని పేరొచ్చింది, అదీ చైనాటౌన్ నడిబొడ్డున. దగ్గర్లో ఒకప్పుడు క్లింగ్ వీధి ఉండేది. క్లింగ్ అంటే కళింగ, దక్షిణాది వాళ్ళందర్నీ అలా పిలిచేవారు. పోనుపోను అది తిట్టయింది. 1920లలో వీధి పేరు చూలియా అని మార్చారు. ఆ మాట చోళ నుంచి వచ్చిందంటారు. కళింగం పోయి చోళం వచ్చింది, మన పేరు మాత్రం మళ్ళీ రాలేదు.

చివరికి సెయింట్ ఆండ్రూస్ చర్చి గోడ మీద చెయ్యి వేసి చూడమంటాను. 1850లలో మొదలైన ఈ కట్టడానికి చెమటోడ్చింది మనదేశం నుంచి తెచ్చిన ఖైదీలు. గోడకి పూసింది మద్రాసు సున్నం. గుల్లసున్నంలో గుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరిపీచు నానేసిన నీళ్ళు పోసి మెదిపేవారు. పాత మండువా లోగిళ్ళు మెత్తిన మన మేస్త్రీలకి ఆ పాకం కొత్తేం కాదు.

పోయినేడు అమ్మ వచ్చింది. మాజు గుడి మెట్ల మీద కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. "ఇంతకీ సముద్రం ఎక్కడరా?" అంది. పావుగంట నడిచి మరీనా బే దగ్గరికి తీసుకెళ్ళాను. అదీ సముద్రం కాదు, 2008లో అడ్డంగా బ్యారేజీ కట్టి మంచినీళ్ళ చెరువు చేశారన్నాను. ఉప్పునీరు ఎగదన్ని మడి చౌడుబారడం చూసిన మనిషి, గట్టు పట్టుకుని చాలాసేపు ఆ నీళ్ళకేసే చూసింది.

"వీళ్ళకి తవ్వుకోడానికి కొండలున్నాయి," అంది చివరికి. "మన దివిసీమలో ఎంత తవ్వినా రేగడే కదరా."