బోయీల నుంచి కిరాయి బండి దాకా

సిద్దిపేటకు తూర్పున ఉన్న నంగునూరు వైపు ఏ ఇంటి నుంచైనా అర్ధరాత్రి హైదరాబాదుకు బయలుదేరవలసి వస్తే ముందుగా వినబడే మాట ఒకటే: “కిరాయి బండి మాట్లాడుండ్రి.” పురుటినొప్పులు కావచ్చు, దుబాయి విమానం కావచ్చు, చావుకబురు కావచ్చు. బండి మాట్లాడటమంటే నిజానికి మనిషిని మాట్లాడటం, దారి తెలిసిన మనిషిని. రాజుల రథాల గురించి, నిజాం నవాబు కార్ల గురించి మనవాళ్ళు చాలానే రాశారు. ఈ కిరాయి బండికీ, దాన్ని నడిపే మనిషికీ కూడా ఒక చరిత్ర ఉన్నదని నా నమ్మకం.

ఆ చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలి? నేనైతే ఏనుగుల వీరాస్వామయ్య గారి దగ్గర మొదలుపెడతాను. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పోయేటప్పుడు హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూరు వెళ్ళారు. మన నంగునూరు ఆ బాటకు తూర్పున ఉండిపోయింది. మజిలీలు, ఏళ్ళు, దొరికే సరుకులు అన్నీ ఆయన రాసిపెట్టారు గనుకనే ‘కాశీయాత్ర చరిత్ర’ ఈనాటికీ మనకు ఆధారగ్రంథం. అయితే కాలి కింద రాయి ఎక్కడున్నదో, ఏటిలో లోతు ఎక్కడ తక్కువో ముందుగా తెలిసేది పల్లకీలో కూర్చున్నవారికి కాదు, దాన్ని భుజాన మోసిన బోయీలకు. కాశీకి వెళ్ళిన వారి పేరు మనకు నోటికి వచ్చు. మోసినవారి పేరు ఒక్కటైనా వచ్చునా?

నిజాం రాజ్యంలోకి 1874లో రైలు వచ్చింది. తరువాతి కాలంలో మన్మాడు లైను కామారెడ్డి మీదుగా పడమటి వైపున, కాజీపేట - బల్లార్షా లైను తూర్పు వైపున పోయాయి. సిద్దిపేట ఆ రెండింటి నడుమ రైలుకూతకు దూరంగా మిగిలిపోయింది. 1932లో నిజాం రైల్వే వారే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. అదే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. బస్సు పేదవారికి పట్నాన్ని దగ్గర చేసింది, కాదనలేము. కానీ బస్సుకు ఒక వేళ ఉన్నది, ఒక దారి ఉన్నది. నొప్పులకూ మృత్యువుకూ వేళ లేదు. ఆ వెలితిలోనే కిరాయి బండి నిలదొక్కుకున్నది.

చట్టం ఈ తేడాను తన భాషలో చెప్పింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం మనిషికింత అని వేరువేరుగా ఛార్జీ తీసుకునేది స్టేజి క్యారేజి, బండి మొత్తాన్ని ఒప్పందం మీద కుదుర్చుకునేది కాంట్రాక్టు క్యారేజి. డ్రైవరు కాక ఆరుగురి వరకు పట్టేది మోటారు క్యాబు, అంతకు మించి పన్నెండు మంది వరకు పట్టేది మాక్సీ క్యాబు. పసుపుపచ్చ పలక మీద నల్ల అక్షరాలు దాని గుర్తు. ఊరివారికి ఈ పేర్లతో పనిలేదు. బయానా ఎంత, రానుపోను కిరాయి ఎంత, డ్రైవరు బత్తా ఎంత, ఇంతే.

బండ్లు మారుతూ వచ్చాయి. అంబాసిడర్ తరువాత 1994లో సుమో, 2000లో క్వాలిస్ రోడ్డెక్కాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మారనిది డ్రైవరు చూసిన దృశ్యం. సిద్దిపేట, సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్ పోయిన ఎందరికో ఆ ప్రయాణంలో మొదటి 100 కిలోమీటర్లు కిరాయి బండిలోనే గడిచాయి. 2008 మార్చి దాకా బేగంపేట, ఆ తరువాత నగరానికి ఆవలి కొసన ఉన్న శంషాబాద్. పోయేటప్పుడు బండి నిండా మనుషులు, మాటలు, మూటలు. తిరిగి వచ్చేటప్పుడు ఒక సీటు ఖాళీ, ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని ఇంటిదాకా మోసుకొచ్చినవాడు డ్రైవరే.

అతని కష్టానికి లెక్క ఎక్కడ? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పనికి హద్దు పెట్టింది. అయితే ఆ చట్టం ఉద్దేశించింది ఐదుగురు లేక అంతకు మించిన పనివారున్న సంస్థలను. అప్పు చేసి ఒక్క బండి కొనుక్కుని తానే నడుపుకునేవాడికి ఆ హద్దు వర్తించలేదు. రాత్రంతా నడిపి, ఆసుపత్రి ఆవరణలో సీటు వెనక్కి వాల్చి ఓ కునుకు తీసి, మళ్ళీ స్టీరింగు పట్టినవాడి నిద్రను ఏ పుస్తకమూ లెక్కవేయలేదు. వెనుక సీట్లో మనం హాయిగా నిద్రపోయింది మాత్రం అతని మెలకువ మీద భరోసాతోనే.

2023 అక్టోబరు 3న సిద్దిపేటకు రైలు వచ్చింది. ఫోను దారి చెబుతున్నది. అయినా వానకు ఏ కల్వర్టు మునుగుతుందో, రాత్రి రెండు గంటలకు ఏ హోటల్లో చాయ దొరుకుతుందో తెలిసినవాడి అవసరం తీరిపోలేదు. ఇంట్లో పెద్దవారిని ఒకసారి అడిగి చూడండి: మన ఊరికి మొదట వచ్చిన కిరాయి బండి ఏది, దాన్ని నడిపినదెవరు, అమ్మను పురిటికి తీసుకుపోయినదెవరు అని. చెప్పగలవారు ఉండగానే ఆ పేర్లు రాసిపెట్టుకుందాం. బోయీల విషయంలో జరిగింది మళ్ళీ జరగకూడదు.