పరాగ్వే: నదీ మార్గం, నేల యాజమాన్యం

దక్షిణ అమెరికాలో సముద్రతీరం లేని దేశాలు బొలీవియా, పరాగ్వే రెండే. వీటిలో 4,06,752 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల పరాగ్వేను అదే పేరుగల నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతూ రెండుగా విడదీస్తుంది. నదికి తూర్పున ఎర్రనేలలు, వాగులు, ఒకప్పటి దట్టమైన అడవులు ఉన్నాయి. జనాభాలో అత్యధికులు ఉండేది అక్కడే. పడమటనున్న చాకో మైదానం దేశంలో దాదాపు 60 శాతం ఆక్రమించినా, తాగునీటి కొరత, ముళ్లడవుల వల్ల అక్కడ జనసాంద్రత అత్యల్పం. ఈ దేశపు కష్టాలన్నిటినీ సముద్రం లేకపోవడానికే ముడిపెట్టడం పరిపాటి అయినా, నది దిగువ ఎవరి అధీనంలో ఉంది, నేల ఎవరి పేరున ఉంది అనే రెండు విషయాలను పట్టుకుని చూస్తేనే దాని చరిత్ర బోధపడుతుంది.

1537లో స్పెయిన్‌వారు స్థాపించిన అసున్సియోన్ మొదట్లో ఆ ప్రాంతానికంతటికీ కేంద్రం. పాడుపడిన బ్యూనస్ ఐరీస్‌ను 1580లో తిరిగి నిర్మించడానికి బయల్దేరినవారు ఇక్కడివారే. అయితే నదీముఖద్వారంలో ఆ నగరం స్థిరపడిన కొద్దీ ఎగువ పట్టణం వెనుకబడింది. 1609 నుంచి 1767లో బహిష్కృతులయ్యేవరకు జెసూయిట్ మతగురువులు గ్వారానీ ప్రజలతో ఏర్పాటుచేసిన గ్రామాలలో యెర్బా మాతే, అంటే తేయాకులా కాచి తాగే ఒక అడవిచెట్టు ఆకు, తోటపంటగా మారింది.

1811లో స్వాతంత్ర్యం వచ్చాక, 1814 నుంచి 1840 వరకు పాలించిన హోసే గాస్పర్ రోద్రిగెస్ దె ఫ్రాన్సియా దేశాన్ని దాదాపు మూసివేశాడు. నదిపై బ్యూనస్ ఐరీస్ విధించిన అడ్డంకులు అందుకు ప్రధాన కారణం. అతని నిరంకుశత్వం కఠోరమైనదే. కానీ 1824లో మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకుని, ప్రభుత్వ పశుక్షేత్రాలు నెలకొల్పి, రైతులకు స్వల్ప కౌలుకు భూములివ్వడం వల్ల నేలలో అధికభాగం రాజ్యం చేతికి వచ్చిందన్న సంగతిని విస్మరించరాదు. తరువాత వచ్చిన కార్లోస్ అంతోనియో లోపెస్ ఆ పునాదిపైనే ఇబికుయిలో ఇనుప కార్ఖానాను కట్టించి, రైలుమార్గానికి శ్రీకారం చుట్టాడు.

అతని కుమారుడు ఫ్రాన్సిస్కో సొలానో లోపెస్ కాలంలో, 1864 నుంచి 1870 వరకు బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వేలతో సాగిన యుద్ధం ఈ నిర్మాణాన్ని కూల్చివేసింది. నదికి కాపలాగా నిలిచిన ఉమైతా కోట 1868లో పడిపోవడంతో రాజధానికి దారి తెరుచుకుంది. మరణాల సంఖ్యపై చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేకపోయినా, వయోజన పురుషులలో అధికభాగం నశించారన్నది ఎక్కువమంది అంగీకరించే మాట.

యుద్ధం కంటే దీర్ఘమైన గాయం మాత్రం శాంతికాలంలోనే తగిలింది. ఖాళీ ఖజానాతో, లండన్ అప్పులతో సతమతమైన ప్రభుత్వం 1883, 1885 చట్టాల ద్వారా ప్రభుత్వ భూములను అమ్మకానికి పెట్టింది. తరతరాలుగా దున్నుకుంటున్న రైతు దగ్గర కొనేందుకు డబ్బు లేదు, చూపేందుకు కాగితమూ లేదు. 1886లో ఏర్పడిన లా ఇండస్ట్రియల్ పరాగ్వాయా అనే కంపెనీకి తూర్పున 25 లక్షల హెక్టార్లకు పైగా దక్కగా, చాకోలో కసాదో సంస్థకు 50 లక్షల హెక్టార్లు మించి దక్కాయి. కెబ్రాచో అనే గట్టి కలప నుంచి తోళ్లు పదునుపెట్టే టానిన్ తీయడం ఆ సంస్థ వ్యాపారం. తూర్పున ఉన్న యెర్బా అడవుల్లో పనికి వెళ్లే, మెన్సూ అని పిలిచే కూలీ బయలుదేరక ముందే బయానా తీసుకునేవాడు. అడవిలో తిండి, బట్ట కంపెనీ కొట్టులోనే, కంపెనీ చెప్పిన ధరకే కొనాలి గనుక, కొమ్మలు నరికి, మంటపై వాడ్చి, తన బరువును మించిన ఆకుమోపులను నెత్తికి కట్టుకుని మోసినా బాకీ తీరేది కాదు. ఇది పచ్చి వెట్టిచాకిరీ. రచయిత రాఫాయెల్ బారెట్ 1908లో దీన్ని పత్రికలలో బట్టబయలు చేశాడు.

పసిఫిక్ తీరాన్ని కోల్పోయిన బొలీవియా పరాగ్వే నది మీదుగా అట్లాంటిక్‌కు దారి వెతకడం చాకో యుద్ధానికి (1932-35) ఒక ముఖ్య కారణం. అందులో తూటాలతో పాటు దాహమూ సైనికులను పొట్టనబెట్టుకుంది. పరాగ్వే గెలిచి చాకోలో అధికభాగాన్ని నిలుపుకుంది.

1954 నుంచి 1989 వరకు సాగిన ఆల్ఫ్రెదో స్ట్రెస్నర్ నియంతృత్వంలో భూమి రాజకీయ బహుమతిగా మారింది. 1954-2003 మధ్య దాదాపు 78 లక్షల హెక్టార్లు అక్రమంగా ధారాదత్తమయ్యాయని సత్య, న్యాయ కమిషన్ 2008లో తేల్చింది. నీటి విషయానికి వస్తే, ఇదే పాలనలో బ్రెజిల్‌తో 1973లో కుదిరిన ఒప్పందం ప్రకారం పరానా నదిపై నిర్మించిన ఇతైపు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 14,000 మెగావాట్లు. ఉత్పత్తిలో సగం పరాగ్వేదే అయినా, మిగులు విద్యుత్తును బ్రెజిల్‌కే వదిలిపెట్టాలన్న నిబంధన దశాబ్దాలపాటు దేశాన్ని బాధించింది. నిర్మాణపు అప్పు 2023లో తీరింది.

1970ల నుంచి బ్రెజిల్ రైతులు తూర్పు సరిహద్దు దాటి సోయా సాగును విస్తరించడంతో అడవులు తరిగిపోయాయి, చిన్నరైతులు పట్టణాలకు వలసపోయారు. ఒకదానికొకటి కట్టిన పడవల వరుసలను ఒకే టగ్గుబోటు వెనుక నుంచి నెడుతూ ఆ పంటను దిగువ ఓడరేవులకు చేరుస్తుంది. 2021లో అనావృష్టితో నది అడుగంటినప్పుడు ఆ పడవలు సరుకు తగ్గించుకుని వెళ్లాల్సివచ్చింది.

2012 జూన్‌లో కురుగ్వాతి వద్ద భూమికోసం మకాం వేసిన రైతులను ఖాళీ చేయించబోతే 11 మంది రైతులు, ఆరుగురు పోలీసులు మరణించారు. వారం తిరిగేసరికి అధ్యక్షుడు ఫెర్నాందో లుగోను పార్లమెంటు తొలగించింది. శిక్షలు పడిన రైతులను సుప్రీంకోర్టు 2018లో విడిపించింది. వారు కోరిన ఆ 2,000 హెక్టార్లు లా ఇండస్ట్రియల్ పరాగ్వాయా 1967లో ప్రభుత్వానికి దానమిచ్చిన నేలే.