లినక్స్ డిస్ట్రిబ్యూషన్లలో జావా ప్యాకేజీల డీబగ్గింగ్

లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ద్వారా వచ్చిన జావా ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి కావలసిన సమాచారాన్నీ, సోర్సునూ వాడేవారికి అందించే ఏర్పాటు ఇది.

సీ ప్రోగ్రాములకు ఈ పద్ధతి ముందే కుదురుకుంది. కంపైలైన ఫైలు నుంచి డీబగ్ సమాచారాన్ని ఊడదీసి ఫెడోరా డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీలుగా ఇస్తుంది. డెబియన్‌లో ఇలాంటివి 2015 చివరి నుంచి వాటంతటవే తయారవుతున్నాయి. జావాలో మాత్రం లైన్ నంబర్లు, లోకల్ వేరియబుల్ పేర్లు క్లాస్ ఫైల్లోనే ఉంటాయి. ఊడదీసేదేమీ లేదు కాబట్టి పనే లేదనిపిస్తుంది. కానీ చిక్కంతా బిల్డ్ దగ్గరే.

జావా కంపైలర్ మామూలుగా లైన్ నంబర్లు రాస్తుంది, వేరియబుల్ పేర్లు రాయదు. చాలాకాలం జావా ప్యాకేజీల బిల్డుకు విరివిగా వాడిన యాంట్, డీబగ్ కావాలని బిల్డ్ ఫైల్లో అడగకపోతే, ఆ లైన్ నంబర్లు కూడా వద్దని కంపైలర్‌కు చెబుతుంది. అలా తయారైన జార్‌లో ఎక్సెప్షన్ వస్తే స్టాక్ ట్రేస్‌లో ఫైలు పేరూ, లైన్ నంబరూ ఉండాల్సిన చోట ‘అన్‌నోన్ సోర్స్’ అని పడుతుంది. మరో బిల్డ్ సాధనమైన మావెన్ మాత్రం అడగకుండానే డీబగ్ సమాచారం పెడుతుంది.

మధ్యలో ఒక చిత్రమైన దశ నడిచింది. సన్ సంస్థ వారి జావా ఇంకా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని రోజుల్లో, 2005లో, ఫెడోరా కోర్ 4 ఎక్లిప్స్ అనే ఐడీఈని (ప్రోగ్రాములు రాసే సాధనాన్ని) జీసీజే అనే కంపైలర్‌తో నేరుగా మెషీన్ కోడ్‌లోకి మార్చి ఇచ్చింది. దాంతో సీ ప్రోగ్రాముల డీబగ్ పద్ధతి, జీడీబీ అనే డీబగ్గర్‌తో సహా, జావాకూ పనికొచ్చింది. 2006 నవంబరులో సన్ జావా సోర్సును విడుదల చేస్తామని ప్రకటించింది, 2007లో ఓపెన్‌జేడీకే వచ్చింది. ఆపై జీసీజే వెనుకబడి, 2017 నాటి జీసీసీ 7 కంపైలర్ సముదాయంలో లేకుండా పోయింది.

ఓపెన్‌జేడీకేలోని వర్చువల్ మెషీన్ సీ++లో రాసినది కాబట్టి దానికి సీ ప్రోగ్రాముల పాత పద్ధతే చెల్లుతుంది. ఫెడోరా స్లోడీబగ్, ఫాస్ట్‌డీబగ్ అనే ప్రత్యేక బిల్డులనూ ఇస్తుంది. అయినా క్రాష్ అయిన ప్రాసెస్‌ను జీడీబీలో తెరిస్తే సీ++ ఫంక్షన్ల పేర్లు వరుసగా కనబడి, ప్రోగ్రాము నడుస్తుండగా జిట్ కంపైలర్ తయారుచేసిన జావా కోడ్ దగ్గర ఉత్త ప్రశ్నార్థకాలు మిగులుతాయి.

సోర్సు సంగతి ఇంకా తేలలేదు. క్లాస్ ఫైల్లో ఫైలు పేరే తప్ప దాని దారి ఉండదు. కంపైలైన సీ ప్రోగ్రాముల ఎల్ఫ్ ఫైళ్లకున్న, బిల్డును గుర్తుపట్టే బిల్డ్-ఐడీ దానికి లేదు గనుక 2019లో వచ్చిన డీబగ్‌ఇన్ఫోడి సర్వర్లు సీ సోర్సును అందించినట్టు జావా సోర్సును వెతికి ఇవ్వలేవు. జావా లైబ్రరీల భండారమైన మావెన్ సెంట్రల్‌లో దొరికే సోర్స్ జార్ తెచ్చుకుందామంటే, డిస్ట్రిబ్యూషన్ వారు ప్యాచ్ వేసిన లైబ్రరీకి అందులోని లైన్లు కుదరకపోవచ్చు. అప్పుడు డెబియన్‌లోనైతే ఆ ప్యాకేజీ సోర్సునే దింపుకొని ఐడీఈకి చేత్తో చూపించాలి.