కౌంటెస్ ఐడా కొడుకు

ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీకి పెళ్లి బయట పుట్టిన కొడుకుల్లో విలియం లాంగెస్పే ఒకడు. అతని తండ్రి ఎవరన్న సందేహం ఎవరికీ ఎప్పుడూ రాలేదు. రాజు అతన్ని కొడుకుగా ఒప్పుకుని 1188లో లింకన్‌షైర్‌లోని ఆపుల్‌బీలో భూములిచ్చాడు. హెన్రీ తర్వాత గద్దెనెక్కిన రిచర్డ్, 1196లో ఈ సవతి తమ్ముడికి సాలిస్‌బరీ ఎర్ల్ వారసురాలైన ఎలాను ఇచ్చి పెళ్లి చేశాడు. అలా అతను భార్య తరఫున సాలిస్‌బరీ ఎర్ల్ అయ్యాడు. యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నాడు. 1226లో చనిపోతే, కట్టుబడి ఇంకా సాగుతున్న సాలిస్‌బరీ కథీడ్రల్‌లోనే పూడ్చారు. సమాధి మీది అతని బొమ్మ చేతిలోని డాలుపై ఆరు సింహాలుంటాయి. అవి తండ్రి తండ్రి అయిన ఆంజూ కౌంట్ జెఫ్రీ డాలు మీద ఉన్న సింహాలే. తండ్రి వైపు అంతా ఇంత స్పష్టంగా ఉంది. తల్లి పేరు మాత్రం దాదాపు ఏడున్నర శతాబ్దాల పాటు సరిగా తెలియలేదు.

తెలియని చోట కథ పుట్టుకొచ్చింది. అతని తల్లి రోసమండ్ క్లిఫర్డ్ అన్నారు. రోసమండ్ నిజంగా బతికిన మనిషే. వేల్స్ సరిహద్దు ప్రభువు వాల్టర్ డి క్లిఫర్డ్ కూతురు, హెన్రీ ప్రియురాలు. ఆ సంబంధం 1174 ప్రాంతంలో బయటపడింది, 1176 ప్రాంతంలో ఆమె చనిపోయింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర గాడ్‌స్టో సన్యాసినుల మఠంలో పూజాపీఠం ముందే ఆమెను సమాధి చేశారు. 1191లో లింకన్ బిషప్ హ్యూ అక్కడికి వచ్చి, పట్టుబట్టలు కప్పి దీపాలు పెట్టిన ఆ సమాధి ఎవరిదని అడిగాడు. జవాబు విని, దాన్ని చర్చి బయటికి తీయించమని ఆజ్ఞాపించాడు. తర్వాతి శతాబ్దాల్లో ఆమె చుట్టూ పాటలూ కావ్యాలూ అల్లుకున్నాయి. వుడ్‌స్టాక్‌లో రాజు ఆమె కోసం చిక్కుదారుల భవనం కట్టించాడని, రాణి ఎలినార్ దారి కనిపెట్టి వచ్చి ఆమె ముందు బాకు, విషపు గిన్నె పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమందని చెప్పుకున్నారు. రోసమండ్ చనిపోయిన నాటికి ఎలినార్ కొడుకుల తిరుగుబాటుకు అండగా నిలిచినందుకు భర్త చెరలో ఉంది. విషం కథ అక్కడే వీగిపోతుంది.

ఇంత పేరున్న ప్రియురాలికి బిడ్డలు లేకపోతే ఎలా అనుకున్నారేమో, రాజుకు బయట పుట్టిన కొడుకుల్లో ఇద్దరు ప్రముఖుల్నీ ఆమెకే అంటగట్టారు. వారిలో పెద్దవాడు, యార్క్ ఆర్చ్‌బిషప్ అయిన జెఫ్రీ, 1150ల మొదట్లోనే పుట్టాడు. రోసమండ్ వయసు ఆ లెక్కకు ఏ విధంగానూ సరిపడదు. హెన్రీ కొలువులో పనిచేసిన వాల్టర్ మ్యాప్ జెఫ్రీ తల్లి పేరు వేరే చెప్పాడు. దాంతో జెఫ్రీ పక్కకు తప్పుకున్నాడు. లాంగెస్పే మాత్రం వంశావళి పుస్తకాల్లో రోసమండ్ కొడుకుగానే మిగిలిపోయాడు. ఆమె కాలపు రచయితలెవ్వరూ ఆమెకు బిడ్డ పుట్టినట్టు రాయలేదన్న మాటను ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

తల్లి పేరు ఎందుకు పోయిందో తెలియాలంటే ఆనాటి పత్రాల స్వభావం తెలియాలి. చర్చిల్లో జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేయమన్న ఆజ్ఞ ఇంగ్లండ్‌లో వచ్చింది 1538లో. అంతకు ముందు ఎవరు ఎవరి బిడ్డ అన్నది భూమి కాగితాల్లోంచి ఏరుకోవాల్సిందే. రాజు నుంచి నేరుగా భూమి పొందిన మనిషి చనిపోతే, అతని భూములెన్ని, దగ్గరి వారసుడెవరు, వారసుడి వయసెంత అని ఊరివాళ్లతో ప్రమాణం చేయించి విచారించేవారు. 13వ శతాబ్దం నుంచి మిగిలిన ఈ విచారణ పత్రాలే వంశావళి పరిశోధకులకు మొదటి ఆధారం. వాటి తర్వాత ఆస్తి దావాలు. ఫలానా భూమి మా అమ్మమ్మదని కోర్టుకెక్కినవాడు ఆ అమ్మమ్మ నుంచి తనదాకా తరాలన్నీ వరసగా చెప్పుకోవాలి.

పెళ్లి బయట పుట్టినవాడికి ఆ అవసరమే వచ్చేది కాదు. అతనికి తండ్రి నుంచీ తల్లి నుంచీ చట్టప్రకారం సంక్రమించేదేమీ ఉండేది కాదు. తల్లిదండ్రులు తర్వాత పెళ్లి చేసుకుంటే ముందు పుట్టిన బిడ్డకూ హక్కులివ్వాలని బిషప్పులు కోరితే, 1236లో మెర్టన్ సభలో ప్రభువులు ససేమిరా అన్నారు. లాంగెస్పేకి వచ్చిన ఆస్తి రాజు దయ వల్లా భార్య వల్లా వచ్చింది. నీ తల్లి ఎవరని అతన్ని ఏ అధికారీ అడగనక్కర్లేకపోయింది. ఎవరూ అడగని పేరు అతను తనంతట తాను చెప్పుకుంటేనే మిగలాలి.

అతను చెప్పుకున్నాడు. విల్ట్‌షైర్‌లో బ్రాడెన్‌స్టోక్ అనే మఠం ఉండేది. లాంగెస్పే భార్య ఎలాకు ముత్తాత అయిన వాల్టర్ దాన్ని 1142లో స్థాపించాడు. మఠానికి దానమిచ్చేవాళ్లు ఎవరెవరి ఆత్మల మేలు కోరి ఇస్తున్నారో పత్రంలో రాయించేవారు. అత్తింటివారి మఠానికి దానమిస్తూ లాంగెస్పే అలా రాయించిన పేర్లలో తన తల్లి కౌంటెస్ ఐడా పేరుంది. సన్యాసులు తమకొచ్చిన దానపత్రాలన్నిటినీ ఒక పుస్తకంలోకి నకలు తీసుకున్నారు. ఆ నకళ్ల పుస్తకాలు రెండు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి సారాన్ని వెరా లండన్ అనే పరిశోధకురాలు క్రమంలో పెట్టగా, 1979లో విల్ట్‌షైర్ రికార్డ్ సొసైటీ అచ్చువేసింది. అందులో ఎక్కడా సంచలనం లేదు. ఒక పొలం, ఒక హక్కు, కొందరు సాక్షులు, వాటి మధ్య ఒక కొడుకు తన తల్లిని తలుచుకున్న మాట. రోసమండ్ కథను తీసేయడానికి ఆ ఒక్క మాట సరిపోయింది.

ఏ ఐడా? ఆ తరంలో ఇంగ్లండ్‌లో ఆ పేరుతో తెలిసిన కౌంటెస్ నార్ఫోక్ ఎర్ల్ రోజర్ బైగాడ్ భార్య. రోజర్‌కు ఎర్ల్ హోదా దక్కింది 1189లో. కాబట్టి ఆమెను కౌంటెస్ అన్న పత్రం ఆ తర్వాతదే అయ్యుండాలి, అదీ సరిపోయింది. అయినా పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. రెండో సాక్ష్యం ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1214 జులై 27న బువీన్ యుద్ధంలో ఫ్రెంచి రాజు ఫిలిప్ గెలిచి, లాంగెస్పేతో సహా ఎందరినో బందీలుగా పట్టుకున్నాడు. ఆ బందీల జాబితాలో రాల్ఫ్ బైగాడ్ అనే అతన్ని సాలిస్‌బరీ ఎర్ల్ సోదరుడని రాశారు. విడిగా చూస్తే ఈ మాట దేన్నీ తేల్చదు. లాటిన్‌లో సోదరుడన్న మాట బావమరిదికీ వాడేవారు. బ్రాడెన్‌స్టోక్ పత్రం పక్కన పెడితే అర్థం తేటపడుతుంది. రాల్ఫ్ రోజర్ బైగాడ్‌కూ ఐడాకూ పుట్టిన కొడుకు. తండ్రులు వేరైనా రాల్ఫ్, లాంగెస్పే ఒక తల్లి బిడ్డలు. ఒక సాక్ష్యాన్ని విల్ట్‌షైర్ సన్యాసులు దాచారు, రెండోదాన్ని శత్రురాజు గుమస్తా రాశాడు. వీళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అబద్ధమాడి ఇద్దరికీ వచ్చేదీ లేదు. ఇంతకంటే మంచి రుజువు మధ్యయుగపు వంశావళిలో అరుదు.

ఇక ఐడా ఎవరి పిల్ల? హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఫ్లామ్‌స్టెడ్ ప్రభువులైన టోస్నీల ఇంటి ఆడపడుచనీ, తండ్రి పోయాక రాజు సంరక్షణలోకి వచ్చిందనీ ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు అంగీకరిస్తున్నారు. రాజు సంరక్షణ అంటే ఏమిటో 1185లో తయారైన ఒక పట్టీ చూస్తే తెలుస్తుంది. పన్నెండు కౌంటీల్లో రాజు చేతిలో ఉన్న వితంతువుల్నీ, తండ్రిలేని పిల్లల్నీ అందులో రాసుకున్నారు. వయసెంత, భూమి విలువెంత, మంద ఎంత అని లెక్క. వాళ్ల పెళ్లిళ్లు రాజు అమ్ముకోగల సరుకు. అలాంటి స్థితిలో ఉన్న పిల్లకు రాజు వల్ల కొడుకు పుట్టాడు. ఆమె ఇష్టం ఎంతవరకని ఆనాటి పత్రం ఏదీ అడగలేదు. మనం అడగాలి.

1181 చివర్లో రాజు ఆమెను రోజర్ బైగాడ్‌కిచ్చి పెళ్లి చేశాడు. రోజర్ తండ్రి హ్యూ 1173 తిరుగుబాటులో రాజుకు ఎదురు నిలిచినవాడు. అతను పోయాక వారసత్వం సవతి తల్లి కొడుకులతో తగాదాలో పడింది, రాజు ఎర్ల్ హోదా తొక్కిపెట్టాడు. ఐడాతో పాటు నార్ఫోక్‌లోని ఏకిల్, హాల్వర్‌గేట్, సౌత్ వాల్షమ్ గ్రామాలు రోజర్ చేతికొచ్చాయి. అవి బైగాడ్‌ల పాత ఆస్తిలోవే, రాజు తన దగ్గర అట్టిపెట్టుకున్నవే. 1215లో ఐడా భర్త రోజర్, కొడుకు హ్యూ ఇద్దరూ మాగ్నా కార్టాను అమలు చేయించడానికి ఎన్నుకున్న 25 మంది ప్రభువుల్లో ఉన్నారు. ఆమె పెద్దకొడుకు లాంగెస్పే పేరు అదే పత్రం మొదట్లో, జాన్ రాజుకు సలహా ఇచ్చినవారి వరసలో ఉంది. ఐడా తెలిశాక మాగ్నా కార్టాతో ముడిపడ్డ ఆ పేర్లను మునుపటిలా చదవలేం.

మఠం పత్రంలో ఉన్నంత మాత్రాన దేన్నైనా నమ్మేయవచ్చా అంటే, సస్సెక్స్‌లోని లూయిస్ మఠం వద్దంటుంది. ఆ మఠాన్ని 1077 ప్రాంతంలో స్థాపించినవాళ్లు విలియం డి వారెన్, అతని భార్య గుండ్రాడా. ఆమె 1085లో ప్రసవంలో చనిపోయింది. ఆమె విజేత విలియం రాజు కూతురని, మటిల్డా రాణి కన్నబిడ్డ అని మఠం పత్రాలు చెప్పాయి. 1775లో ఆమె సమాధి మీది నల్లరాయి ఇస్‌ఫీల్డ్ చర్చిలో మరొకరి సమాధికి వాడి ఉండగా దొరికింది. 1845లో రైలుమార్గం కోసం మఠం శిథిలాలు తవ్వుతుంటే, ఆమె పేరూ భర్త పేరూ చెక్కిన రెండు సీసపు పెట్టెల్లో ఎముకలు బయటపడ్డాయి. ఆ ఉత్సాహంలో వివాదం మళ్లీ రాజుకుంది. గుండ్రాడా మటిల్డాకు అంతకు ముందు పెళ్లిలో పుట్టిన కూతురని మధ్యేమార్గం చెప్పినవాళ్లూ వచ్చారు.

తేల్చింది రాయీ కాదు, ఎముకలూ కాదు, ఒక ఉత్తరం. విజేత విలియం, మటిల్డాల కొడుకైన మొదటి హెన్రీ రాజు తన అక్రమ సంతానంలో ఒక కూతుర్ని గుండ్రాడా కొడుకైన రెండో విలియం డి వారెన్‌కు ఇద్దామనుకున్నాడు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఆన్‌సెల్మ్ అది కూడదని రాశాడు. వధూవరులు ఒక వైపు నుంచి నాలుగో తరంలో, మరో వైపు నుంచి ఆరో తరంలో రక్తబంధువులు, ఏడు తరాల లోపు పెళ్లి చర్చి నిషేధించింది. గుండ్రాడా నిజంగా విలియం రాజుకో మటిల్డాకో కూతురైతే ఆ వధూవరులు నేరుగా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలవుతారు. ఇంత దగ్గరి అడ్డం కళ్లెదుట ఉండగా ఆన్‌సెల్మ్ లాంటి మనిషి దాన్ని వదిలేసి నాలుగో తరం, ఆరో తరం లెక్కపెడతాడా? చరిత్రకారుడు ఓర్డెరిక్ విటాలిస్ ఆమెను గెర్బోడ్ అనే ఫ్లెమిష్ ప్రభువు చెల్లెలన్నాడు. సమాధి రాయి కూడా ఆమెను డ్యూకుల వంశపు బిడ్డ అంటుందే కాని రాజు కూతురు అనదు. 1888లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ ఈ సాక్ష్యాలన్నిటినీ బేరీజు వేసి, ఆమె ఇద్దరి కూతురూ కాదని తేల్చాడు. మఠం పత్రాల్లోని ఆ మాటలు తర్వాతివాళ్లు కలిపినవని పరిశోధకులు నిర్ణయించారు.

లూయిస్ మాటను కొట్టేసి బ్రాడెన్‌స్టోక్ మాటను నమ్మడానికి కారణం ఇక్కడుంది. తమను స్థాపించిన ఇల్లాలు రాజు కూతురైతే లూయిస్ సన్యాసుల మఠానికి గౌరవం, తగాదాల్లో బలం. లాంగెస్పే తల్లి రోసమండ్ కాక ఐడా అయితే బ్రాడెన్‌స్టోక్‌కు ఒరిగేదేమీ లేదు. వంశావళి పనిలో ఉన్నవాళ్లు పత్రం పాతదా కాదా అన్నదానికంటే ముందు అడగవలసింది, ఈ మాట వల్ల ఎవరికి లాభమన్నదే. హొరేస్ రౌండ్ అనే పండితుడు 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఎన్నో పెద్దింటి వంశవృక్షాలను ఈ ప్రశ్నతోనే నరికేశాడు.

పత్రాలు చెప్పలేనివీ ఉన్నాయి. 2012లో లెస్టర్‌లో ఒక కారు పార్కింగ్ కింద దొరికిన అస్థిపంజరం మూడో రిచర్డ్ రాజుదేనని తేల్చడానికి తల్లి వైపు డీఎన్‌ఏ తోడ్పడింది. 2014లో ప్రకటించిన ఫలితాల్లో తండ్రి వైపు డీఎన్‌ఏ మాత్రం అదే వంశపు మగసంతతి అనుకున్నవాళ్లతో కలవలేదు. మధ్యలో ఎక్కడో ఒక తరంలో కాగితం మీది తండ్రి, కన్నతండ్రి వేరు. ఏ తరంలోనో ఎవరికీ తెలియదు.

లాంగెస్పే విషయంలో ఆన్‌సెల్మ్ లెక్క మరోసారి పనికొస్తుంది. అతని మనవడు మూడో విలియం లాంగెస్పే పెళ్లాడింది మాడ్ డి క్లిఫర్డ్‌ను. ఆమె రోసమండ్ అన్నదమ్ములలో ఒకరైన రెండో వాల్టర్‌కు మనవరాలు. పాత కథే నిజమైతే, రోసమండ్ తండ్రి వాల్టర్ నుంచి దిగితే పెళ్లికొడుకు నాలుగో తరం, పెళ్లికూతురు మూడో తరం. 1215లో చర్చి నిషేధాన్ని ఏడు తరాల నుంచి నాలుగుకు తగ్గించింది, అయినా ఈ పెళ్లి దాని లోపలికే వస్తుంది. అనుమతులు తెచ్చుకుని పెళ్లి చేసుకున్నవాళ్లు ఉన్నారు కనుక దీన్నొక్కదాన్నే రుజువుగా నిలబెట్టలేం. ఐడా పత్రం పక్కన మాత్రం ఇది చక్కగా అమరుతుంది. క్లిఫర్డ్‌ల రక్తం లాంగెస్పే ఇంట్లోకి వచ్చిన మాట నిజమే. అది మాడ్ ద్వారా వచ్చింది, ఆమె కూతురు మార్గరెట్‌కు సంక్రమించింది. మార్గరెట్ సాలిస్‌బరీ వారసురాలై లింకన్ ఎర్ల్ హెన్రీ డి లేసీని పెళ్లాడింది.